గువ్వలచెరువు ఘాట్ ఎక్కాక తెగిన బెల్టు

కడపలో ఎండాకాలం గడిపినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. మా ఊళ్లో ఎండ పైనుంచి ఒక్కటే రాదు, కాళ్ల కిందనుంచీ వస్తుంది. వాకిట్లో పరిచిన నాపబండలు పొద్దంతా కాలి, రాత్రి అన్నాలు తిన్నాక కూడా వేడి వదులుతూనే ఉంటాయి. మంచాలు బయట వేసుకోవాలంటే ముందు బిందెలకొద్దీ నీళ్లు చల్లాలి. చల్లిన నీళ్లు మన కళ్ల ముందే ఆవిరైపోతాయి.

అన్ని ఎండాకాలాల్లోకీ 2003 నాకు బాగా గుర్తు. అంతకుముందు ఏడాది వానలు మోసం చేశాయి. బావులు అడుగంటినాయి. మే నెలలో వడగాలులు మొదలై జూన్ దాకా వదల్లేదు. రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. పొద్దున్నే పేపర్లో ఆ లెక్క చూసి నాయన మాట్లాడకుండా పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. మా జేజి, అంటే నాయనమ్మ, అప్పుడు రాయచోటి పక్క పల్లెలో ఒక్కతే ఉండేది. రేకుల ఇల్లు. కడపకు రమ్మంటే "నా కోళ్లు ఎవురు సూచ్చారు?" అనేది.

మా నాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. బస్సుల కింద పడుకుని, వేడి ఇంజన్ల పక్కన ఒళ్లు కాల్చుకుని బతికిన మనిషి. ఆయన చేతుల మీద కాలిన మచ్చలు నేను చిన్నప్పుడు వేలితో తడిమేదాన్ని. అలాంటి మనిషి ఇంట్లోకి పాత తెల్ల మారుతి కారు తెచ్చాడు, అదీ ఏసీ ఉన్నది. మా వీధిలో కొందరు ఆశ్చర్యపోయారు. నాయనకు తన కోసం ఏసీ అక్కర్లేదు. ఒంటరిగా నడిపినప్పుడు అద్దాలు దించుకునే పోయేవాడు. అమ్మ కోసం, జేజి కోసం కొన్నాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు గానీ మా అందరికీ తెలుసు.

ఆ మే నెలలోనే కారు కీచుమనడం మొదలైంది. ఏసీ స్విచ్ నొక్కితే చాలు, బానెట్ లోపల ఒక సన్నని అరుపు, కాసేపటికి తగ్గిపోయేది. గాలి కూడా మునుపంత చల్లగా లేదు. నాయన డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ, మామ కలిసి ఊళ్లో ఒక షెడ్డుకు తీసుకెళ్లారు. వాళ్లు చూసీ చూడకుండానే చల్లబరిచే గ్యాస్ పోయిందన్నారు, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్ కూడా జామ్ అవుతోందన్నారు, వేలల్లో లెక్క చెప్పారు. అమ్మ దిగాలుగా ఇంటికొచ్చింది.

నాయన సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా బానెట్ ఎత్తాడు. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, లోపలికి చెయ్యి పెట్టి కంప్రెసర్ ముందుండే ప్లేటును తిప్పాడు. మెత్తగా తిరిగింది. "సూడు పాపా, జామ్ అయితే ఇది చేత్తో తిరగదు" అన్నాడు. నన్నూ తిప్పమన్నాడు. తిప్పాను. అప్పుడే మొదటిసారి నాకు కంప్రెసర్ ఎలా పనిచేస్తుందో చెప్పాడు. ఏసీ ఆఫ్‌లో ఉన్నా ఇంజన్ తిప్పే బెల్టు తిరుగుతూనే ఉంటుంది, దానితో పాటు బయటి పుల్లీ, అంటే బెల్టు కూర్చునే గాడి చక్రం, ఊరికే తిరుగుతుంది. స్విచ్ వేస్తే పుల్లీ లోపలి కాయిల్‌కు కరెంటు వచ్చి, అది అయస్కాంతమై ముందరి ప్లేటును టక్కున లాక్కుంటుంది. అక్కడి నుంచి కంప్రెసర్ బరువు మొత్తం బెల్టు మీద పడుతుంది. అందుకే స్విచ్ వేసినప్పుడే అరుపు.

తర్వాత టార్చి పట్టుకోమని బెల్టును కొంచెం మెలితిప్పి దాని పక్కలు చూపించాడు. అద్దంలాగా మెరుస్తున్నాయి. వి ఆకారంలో ఉండే బెల్టు పుల్లీ గాడిని పక్కలతోనే పట్టుకోవాలి, అడుగు ఆనకూడదు. పక్కలు అరిగి నున్నబడితే బెల్టు గాడిలోకి దిగిపోయి అడుగున ఆనుతుంది. ఇంక పట్టు ఉండదు, జారుతుంది. జారితే అరుస్తుంది, కంప్రెసర్ సరిగా తిరగదు, గాలి చల్లబడదు. గ్యాస్‌కూ దీనికీ సంబంధం లేదు. బెల్టు మార్చడానికి గ్యాస్ పైపులు ముట్టుకునే పనే లేదు. "బిగించే చోటు కూడా అయిపోయిండాది, కొత్తది ఎయ్యాల్సిందే" అని బానెట్ దించాడు.

ఆదివారం అంగళ్లు మూసి ఉంటాయి, సోమవారం తెద్దామనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే పల్లె నుంచి ఫోను. జేజి రెండు పూటలా సంగటి ముద్ద ముట్టలేదు, మజ్జిగ కూడా వద్దంటోందట. వెంటనే బయలుదేరాం.

కడప నుంచి రాయచోటికి సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో గువ్వలచెరువు ఘాట్. చిన్న కార్లు ఎక్కుడు మీద ఏసీతో పోతే ఇంజన్ ఆయాసపడుతుంది కాబట్టి నాయన ఘాట్ మొదట్లోనే ఏసీ ఆపేశాడు. లారీల వెనకాల మెల్లగా, మలుపు మలుపుకూ హారన్ కొట్టుకుంటూ ఎక్కాం. పైకి చేరాక, అమ్మ ముఖం కందిపోయి ఉండడం చూసి స్విచ్ నొక్కాడు. టక్కుమంది. ఆ వెంటనే కింద ఏదో కొరడాతో కొట్టినట్టు గట్టిగా టప్పుమంది. అంతే, అరుపు లేదు, చల్లగాలీ లేదు. వేడిగాలి ముఖానికి కొట్టింది.

నేను భయపడ్డాను గానీ నాయన కంగారుపడలేదు. ముందు డ్యాష్‌బోర్డు చూశాడు. బ్యాటరీ లైటు వెలగలేదు, వేడి ముల్లు కదల్లేదు. గువ్వలచెరువులో కోవా అంగళ్ల ముందు నీడ చూసుకుని ఆపాడు. ఆ ఊరి పాలకోవా పేరున్నది, రాయచోటి దారిన పోయే వాళ్లు ఆగి కొనుక్కోకుండా పోరు. అమ్మ జేజి కోసం కోవా కొనుక్కొచ్చేలోపు నాయన బానెట్ ఎత్తి, తెగిన బెల్టు ముక్కను మెల్లగా బయటికి లాగాడు. మా కారుకు రెండు బెల్టులు. ఒకటి బ్యాటరీకి కరెంటు ఇచ్చే డైనమోను, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపునూ తిప్పుతుంది. రెండోది ఒక్క ఏసీకే. తెగింది రెండోది కాబట్టి కారు నడవడానికి ఇబ్బంది లేదు. అయితే తెగిన ముక్క పోయి పక్క బెల్టుకు చుట్టుకుంటే రెండూ పోతాయి. ఆయన వెతికింది దానికోసమే. పీచు పోగులు కూడా వేలితో ఏరి, ముక్కను గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాడు. పారేయలేదు.

జేజి మరీ నీరసంగా ఉంది. నాయన గ్లూకోజు కలిపి తాగించాడు, తడిగుడ్డతో ఒళ్లు తుడిచాం, కోవా కాస్త నోట్లో పెట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఏసీ లేని కారులో ఆమెను ఎక్కించడానికి నాయనకు మనసొప్పలేదు. రాత్రి చల్లబడ్డాక పోదామంటే జేజి వినలేదు, రాత్రిపూట లారీల మధ్య ఘాట్ దిగనంది. అమ్మ ఆమె దగ్గరే ఆగిపోయింది. పక్కింటి పెద్దమ్మ కూడా చూసుకుంటానంది. నాయన, నేను పొద్దుగూకాక వెనక్కి వచ్చేశాం. దారంతా నాయన మాట్లాడింది రెండు మూడు మాటలే.

సోమవారం సాయంత్రం మద్రాసు రోడ్డులో స్పేర్ పార్టుల అంగడికి నన్నూ తీసుకెళ్లాడు. గోడ నిండా మేకులకు తగిలించిన నల్లటి బెల్టులు, కొత్త రబ్బరు వాసన. పాత ముక్క మీద నంబరు సగం చెరిగిపోయింది. అంగడాయన ఆ ముక్కను కొత్త బెల్టు చుట్టూ ఆనించి పొడవు చూశాడు. నాయనకు అది చాల్లేదు. తెగిన చోట వెడల్పు చూసి, కొత్తదాని పక్కన పెట్టి, రెండింటి ఏటవాలు ఒకేలా ఉందో లేదో వెలుతురులోకి పట్టుకుని చూశాడు. "పొడుగు ఒకటే సరిపోతే చాలదబ్బీ, గాడిలో కూర్చోవాల" అన్నాడు. అంగడాయన ఇంకో రకం తీశాడు. అది కూర్చుంది.

ఇక మంగళవారం. ఆ రోజు గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నాయన సెలవు పెట్టాడు. తెల్లారకముందే నన్ను లేపాడు. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంటుంది, బండలు కూడా అప్పటికే కాస్త చల్లబడి ఉంటాయి, పని చేసుకోవడానికి అదే మంచి వేళ. మా వాకిట్లో నాపబండలు ఇసుక మీద పరిచినవి. జాకీ నేరుగా పెడితే బండ పగలొచ్చు, కదలొచ్చు. అందుకని కింద మందపాటి చెక్క వేశాడు. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించాడు. చక్రం నట్లు కారు నేల మీద ఉన్నప్పుడే వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాడు. చక్రం ఊడదీశాక స్టెప్నీని బాడీ కిందికి పడుకోబెట్టి తోశాడు. ఒకవేళ జాకీ జారినా కారు స్టెప్నీ మీద ఆగుతుంది, మనిషి మీద పడదు. జాకీని నమ్మి కారు కిందికి చెయ్యి పెట్టొద్దని డిపోలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు చెప్పినట్టే నాకూ చెప్పాడు. పది నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ తీసేశాడు. కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను తాళం తీసినా తిరుగుతుంది, ఎవరైనా తెలియక తాళం తిప్పినా ప్రమాదమే. తాళం ఎలాగూ ఆయన జేబులోనే ఉంది.

బురద పడకుండా ఉండే ప్లాస్టిక్ తొడుగు తీశాక పుల్లీలు కనిపించాయి. అప్పుడు నాయన సుద్దముక్క తీసుకుని నల్లటి నాపబండ మీద మూడు గుండ్రాలు గీశాడు. కింద పెద్దది ఇంజన్‌ది, పక్కన కంప్రెసర్‌ది, మధ్యలో చిన్నది బిగింపు పుల్లీ. వాటి చుట్టూ బెల్టు దారి గీసి, ఏది ఎటు తిరుగుతుందో బాణాలు పెట్టాడు. "ఊడదీసే ముందర గీసుకోవాల పాపా, ఊడదీసినాక అన్నీ ఒకే మాదిరి కనపడతాయి." మా బెల్టుకు దారి తెలియకపోవడమంటూ ఏమీ లేదు, మూడే పుల్లీలు. అయినా గీశాడు. నాకు నేర్పడానికి గీశాడు. ఆ బొమ్మ తొలి వాన దాకా మా వాకిట్లోనే ఉంది, అమ్మ కడిగేటప్పుడు ఆ బండను వదిలేసి కడిగేది.

బిగింపు పుల్లీ నట్టు వదులు చేయగానే ఆయన చేసిన మొదటి పని దాన్ని వేలితో ఒక్క తిప్పు తిప్పి చెవి దగ్గరగా పెట్టడం. గరగరమంది. ఆ పుల్లీ ఎంత తిరిగినా శబ్దం రాకూడదు. "బెల్టు తెగిందంటే బెల్టునొక్కదాన్నే తిట్టగూడదు. అది తిరిగే పుల్లీలను గూడా అడగాల." లోపలి బేరింగు ఎండిపోయింది. దాన్ని అలాగే ఉంచి కొత్త బెల్టు వేస్తే ఇంకో ఎండాకాలానికి మళ్లీ ఇదే గతి. షెడ్డులో వాళ్లు ఒక్క నిమిషం చెయ్యి పెట్టి ఉంటే తెలిసేది. ఇప్పుడు తలుచుకున్నా ఆ సంగతి నాకు కోపం తెప్పిస్తుంది. ఒక ముసలామె ఆ కారు కోసం ఎదురుచూస్తోందని వాళ్లకు తెలియకపోవచ్చు, కానీ చేతికింద ఉన్న పనిని చూడాలి కదా.

బేరింగు మీద చెక్కిన నంబరు నోటుబుక్కులో రాసుకుని, అంగళ్లు తెరిచే వేళకు నేను సైకిల్ మీద పోయి కొత్తది తెచ్చాను. అప్పటికి ఎండ ఎక్కేసింది. బండలు కాలుతున్నాయి. నాయన కిందికి గోనెసంచి వేసుకుని, పైన అమ్మ పాత చీరను ప్రహరీ నుంచి కొబ్బరిచెట్టుకు కట్టి నీడ చేసుకున్నాడు. పాత బేరింగును తీసి కొత్తది ఎక్కించడం మా ఇంట్లో ఉన్న సామానుతో తేలిక కాదు. పుల్లీని చెక్క మీద పెట్టి, బేరింగు బయటి చుట్టుకు సరిపోయే గుల్ల పానా ఒకటి వెతికి, దాని మీద సుత్తితో మెల్లమెల్లగా, అన్ని వైపులా సమంగా తట్టాడు. బయటి చుట్టు మీదే దెబ్బ పడాలి. లోపలి చుట్టు మీద పడితే ఆ దెబ్బ గుండ్ల మీదికి పోయి కొత్త బేరింగు మొదటిరోజే పాడవుతుంది. చివరి దెబ్బకు శబ్దం మారింది, ఖంగుమంది. "కూర్చుంది" అన్నాడు.

పుల్లీల గాడులను పొడి నూలు వేస్టుతో తుడిచాడు. నూనె గానీ డీజిల్ గానీ తగలనివ్వలేదు, రబ్బరుకు అవి పడవు. తర్వాత కొత్త బెల్టు. ఇక్కడే నా అవసరం పడింది. కంప్రెసర్‌కూ బాడీకీ మధ్య సందు చాలా ఇరుకు. నాయన పిడికిలి దూరదు. నా చెయ్యి దూరింది. మోచేయి దాకా లోపల పెట్టి, కంటికి కనపడకుండా, వేళ్లతోనే కంప్రెసర్ పుల్లీ గాడి వెతికాను. ఆయన కిందనుంచి బెల్టు అందిస్తూ "ఆడికే, ఇంగొంచెం లోపలికి, గాడి తగిలిందా?" అని అడుగుతున్నాడు. తగిలింది. బెల్టు జారి అందులోకి దిగినప్పుడు వేళ్లకు తెలిసింది. ఆ క్షణం నాయన ముఖం నేను చూడలేదు, ఆయన కారు కింద ఉన్నాడు. "శభాష్" అన్న మాట మాత్రం విన్నాను. ఆయన నోటి నుంచి తేలిగ్గా వచ్చే మాట కాదది. డిపోలో పెద్ద పెద్ద ఫిట్టర్లు కూడా దానికోసం చూసేవాళ్లని తర్వాత తెలిసింది.

స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తి బెల్టు ఎక్కించడం ఆయనకు గిట్టదు. అట్లా చేస్తే లోపలి పోగులు తెగుతాయి, పైకి కనపడదు, కొన్నాళ్లకు బెల్టు పోతుంది. బిగింపు పుల్లీని పూర్తిగా వెనక్కి జరిపి, చేత్తోనే ఎక్కించి, తర్వాత బోల్టు తిప్పుతూ బిగించాడు. బిగింపు చూడడానికి ఆయనకు కొలత పరికరం అక్కర్లేదు. రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కుతాడు. అంగుళంలో మూడో వంతు దిగాలి. అంతకన్నా ఎక్కువ దిగితే జారుతుంది. దిగకపోతే బేరింగుల ప్రాణం తీస్తుంది. నా వేలు పట్టుకుని నొక్కించాడు. వదులుగా ఉన్నప్పుడు నొక్కించాడు, కావాలని ఎక్కువ బిగించి నొక్కించాడు, సరిగా పెట్టి నొక్కించాడు. "మూడూ గుర్తు పెట్టుకో" అన్నాడు. గుర్తున్నాయి.

బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు. కాసేపు నడవనిచ్చి ఏసీ వేశాడు. టక్కుమంది. ఇంజన్ ఒక్కసారి బరువెక్కి, మళ్లీ సర్దుకుంది. కీచుమనలేదు. నాయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను తిరిగే వాటికి దూరంగా బిగింపు పుల్లీ బ్రాకెట్ మీద ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు. కొత్త బేరింగు శబ్దం అలా వింటే తెలుస్తుంది. తర్వాత ఇంజన్ ఆపి మళ్లీ వేలితో నొక్కి చూసి, ఇంకో పావు తిప్పు బిగించాడు. కొత్త బెల్టు మొదట్లో కొంచెం సాగుతుంది, అందుకే రెండు వారాల తర్వాత ఇంకోసారి చూడాలని క్యాలెండర్ మీద గీత పెట్టాడు.

బుధవారం తెల్లవారుజామునే పోయి జేజిని తెచ్చాం. ఆమె కారులో ఏసీ గాలి ఎరగదు. వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. గువ్వలచెరువు దాటి ఘాట్ దిగుతుండగా చీర కొంగుతో కాళ్లు కప్పుకుని, "ఆ గాలి తగ్గిచ్చు నాయనా, చలి పుడతాంది" అంది. బయట వడగాలి కొడుతోంది. నాయన వెంటనే ఫ్యాను తగ్గించి, అద్దంలోంచి ఆమెను చూసుకుంటూ నడిపాడు. జేజి ఆసుపత్రిలో సెలైన్లతో కోలుకుంది. వానలు పడేదాకా మా ఇంట్లోనే ఉండి, కోళ్ల మీద బెంగతో మళ్లీ పల్లెకు పోయింది.

నేనిప్పుడు బెంగళూరులో ఉంటాను. నా కారుకు రెండు బెల్టులు లేవు. గీతలు గీతలుగా ఉండే ఒకే పొడవాటి బెల్టు డైనమోనూ, నీళ్ల పంపునూ, ఏసీనీ కలిపి తిప్పుతుంది. స్ప్రింగు టెన్షనర్ తనంతట తానే బిగువు చూసుకుంటుంది, బొటనవేలి లెక్క దానికి పనికిరాదు. ఆ బెల్టు తెగితే ఏసీ ఒక్కటే పోయేది కాదు. బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, వెంటనే పక్కకు ఆపాల్సిందే. అందుకని కీచుమన్నా, పగుళ్లు కనిపించినా నేను ఒక్కరోజు కూడా ఆలస్యం చేయను. మొన్న మార్చినప్పుడు ఊడదీసే ముందు ఫోనులో ఫొటో తీసుకున్నాను, ఆ తర్వాత కాగితం మీద గుండ్రాలు కూడా గీసుకున్నాను. టెన్షనర్ పుల్లీని తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాను.

తెల్ల మారుతిని నాయన రిటైరయ్యాక అమ్మేశారు. కొన్నది మైదుకూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. ధర తేలిపోయింది, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, కానీ నాయన తాళం ఇవ్వలేదు. ముందు బానెట్ ఎత్తాడు. "డబ్బులు తర్వాత లెక్క పెట్టుకుందాం, ముందు ఈ బెల్టు సూడబ్బీ" అని ఆ కుర్రాడి బొటనవేలు పట్టుకుని బెల్టు మీద పెట్టి నొక్కించాడు. ఎంత దిగాలో చెప్పాడు, ఎప్పుడు బిగించాలో చెప్పాడు. ముందుజాగ్రత్తగా కొని పెట్టుకున్న ఇంకో కొత్త బెల్టు, పదో నంబరు పానా ఒక గుడ్డసంచిలో వేసి డిక్కీలో పెట్టాడు. కుర్రాడు ఇంకోసారి తనంతట తానే నొక్కి చూసి, "ఇంతేనా పెద్దాయనా?" అని అడిగాడు. "ఇంతే" అని నాయన తాళం చేతికిచ్చాడు.